మొదటి ప్రోగ్రామింగ్ భాషగా ఏది నేర్చుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని గట్టిగా అనుకున్నవాళ్లలో చాలామంది మొదటి అడుగు దగ్గరే ఆగిపోతారు. ఒకరు పైథాన్ అంటారు, ఇంకొకరు సి రాకపోతే ఏమీ రానట్టే అంటారు, మూడోవాళ్లు జావాస్క్రిప్ట్ లేకుండా పని జరగదంటారు. ఈ మాటలు వింటూనే నెలలు గడిచిపోతాయి. కొత్తవాళ్ల పక్కన కూర్చుని నేర్పిస్తున్నప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఒక్క ముక్కలో చెప్పండి. ఏది నేర్చుకోమంటారు?

పైథాన్. వేరే భాష తీసుకోవడానికి మీ దగ్గర గట్టి కారణం లేకపోతే దీనితోనే మొదలుపెట్టండి. గట్టి కారణాలు కొన్ని ఉన్నాయి, అవి కింద వస్తాయి.

పైథానే ఎందుకు? సులువనా?

సులువన్న మాట నిజమే. కానీ నేను పైథాన్ చెప్పడానికి అసలు కారణం వేరు. కొత్తగా నేర్చుకునే మనిషి రోజులో ఎక్కువ సేపు చేసేది కోడ్ రాయడం కాదు, రాసినదాంట్లో తప్పు ఎక్కడుందో వెతకడం. కాబట్టి మొదటి భాషను ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: మనం తప్పు చేసినప్పుడు ఆ భాష మనకేం చెబుతుంది?

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఒక లిస్టులో ఐదుగురి మార్కులు పెట్టారు. పొరపాటున పదో మార్కు అడిగారు. అది లేదు కదా. పైథాన్ అక్కడే ఆగిపోతుంది. ఫలానా లైనులో లిస్టు హద్దు దాటి అడిగారని చెప్పి, ఆ లైనును కూడా చూపిస్తుంది. జావా కూడా ఆగుతుంది. ఎన్నో స్థానం అడిగారో, లిస్టు పొడవెంతో అంకెలతో సహా చెబుతుంది. జావాస్క్రిప్ట్ ఆగదు. విలువ లేదని అర్థం వచ్చే ‘అన్‌డిఫైన్డ్’ను మన చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోతుంది. దాన్ని ఇంకో సంఖ్యకు కలిపితే, ఇరవై లైన్ల తర్వాత ఎక్కడో ‘సంఖ్య కాదు’ అన్న ఫలితం బయటపడుతుంది. తప్పు జరిగింది ఒకచోట, కనిపించింది ఇంకోచోట. ఇక సి సంగతి: మెమరీలో ఆ చోట ఏ చెత్త ఉంటే అదే తీసి ఇవ్వొచ్చు, ప్రోగ్రాం కుప్పకూలవచ్చు, ఏమీ జరగనట్టు నడిచిపోవచ్చు కూడా. ఇలాంటప్పుడు ఏం జరగాలో సి నియమాలు చెప్పనే చెప్పవు.

చేసిన తప్పు నాలుగింట్లోనూ ఒకటే. అనుభవం ఉన్నవాళ్లు ఏ భాషలోనైనా దాన్ని పట్టుకుంటారు. మొదటి వారంలో ఉన్నవాళ్లకు మాత్రం, తప్పు జరిగిన చోటే వేలు పెట్టి చూపించే భాష కావాలి.

నేను మొదలుపెట్టింది సితో. రెండు సంఖ్యలు తీసుకుని కలిపే ప్రోగ్రాం అది. సంఖ్యను చదివే ‘స్కాన్‌ఎఫ్’ లైనులో వేరియబుల్ (విలువను దాచుకోవడానికి మనం పెట్టుకునే పేరు) ముందు ఆంపర్సాండ్ (&) గుర్తు పెట్టాలి, నేను మర్చిపోయాను. మనం రాసినదాన్ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్ ఏమీ అనలేదు. నడిపితే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని రెండే రెండు మాటలు వచ్చాయి. ఏ లైనో లేదు, ఎందుకో లేదు. ఆ మధ్యాహ్నమంతా ప్రతి సెమికోలన్‌నూ తిరిగి తిరిగి చూసుకున్నాను. సాయంత్రానికి నాకు వచ్చిన ఆలోచన ‘నా ప్రోగ్రాంలో తప్పుంది’ అని కాదు, ‘ఇది నా వల్ల కాదు’ అని. తెలివితేటలున్న ఎందరో ఇలాంటి సాయంత్రమే ప్రోగ్రామింగ్ వదిలేశారు. అందుకే ఈ విషయం ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

అయితే పైథాన్‌లో ఇబ్బందులే ఉండవా?

ఉంటాయి. మొదటి రోజే ఎదురయ్యేది ఒకటి చెబుతాను. వాడేవాళ్లను రెండు సంఖ్యలు అడిగి కలపమన్నారు. 5, 7 ఇచ్చారు. జవాబు 12 రావాలి, 57 వచ్చింది. కీబోర్డు నుంచి వచ్చే ప్రతిదాన్నీ పైథాన్ అక్షరాల వరుసగానే తీసుకుంటుంది కాబట్టి, ‘5’ పక్కన ‘7’ అతికించి ఇచ్చింది. సంఖ్యగా మార్చమని మనమే చెప్పాలి. ఇక్కడ మాత్రం పైథాన్ కూడా నోరు మెదపదు, ఎందుకంటే దాని దృష్టిలో ఇది తప్పు కాదు. ఈ 57ను చూసిన రోజున, సంఖ్యకూ సంఖ్యలా కనిపించే రాతకూ తేడా ఉందని తెలుస్తుంది. ఆ తేడా ఏ భాషలోనైనా పనికొస్తుంది.

రెండోది, లైను మొదట్లో వదిలే ఖాళీలు. పైథాన్‌లో అవి అందం కోసం కాదు. ఏ లైను దేని కిందకు వస్తుందో వాటితోనే తెలుస్తుంది. ఒకచోట ట్యాబ్, ఇంకోచోట స్పేస్ వాడితే కంటికి ఒకేలా కనిపిస్తుంది కానీ ప్రోగ్రాం నడవదు. ఎడిటర్‌లో ట్యాబ్ నొక్కితే నాలుగు స్పేసులు పడేలా సెట్ చేసుకుంటే ఈ గొడవ చాలావరకు పోతుంది.

వేగం తక్కువన్నది మూడో మాట. నిజమే, భారీ లెక్కలను పదే పదే తిప్పే లూప్‌లలో సి కంటే బాగా వెనకబడుతుంది. కానీ మీరు మొదటి ఏడాది రాసే ప్రోగ్రాంలకు ఆ తేడా అడ్డు రాదు.

మా సిలబస్‌లో సి ఉంది. అది వదిలేసి పైథాన్ నేర్చుకోవాలా?

వదలొద్దు. సిలబస్‌తో పోట్లాడుతూ రెండు పడవల మీద కాళ్లు పెట్టడం కంటే, ఉన్నదాన్నే బాగా నేర్చుకోవడం మేలు. సి చిన్న భాష కాదు. డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని తయారుచేశారు. 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాంట్లోనే తిరగరాశారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఈ రోజుకీ ఎక్కువభాగం సిలోనే ఉంది. మనం మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకునే పైథాన్‌ను రాసింది కూడా సిలోనే.

సి నేర్పే ఒక విషయం వేరే భాషలు అంత తేటగా నేర్పవు. మీ కంప్యూటర్లోనే చూడండి. ‘తెలుగు’ అన్న మాట పొడవెంత? మనకు మూడు అక్షరాలు. పైథాన్‌ను అడిగితే 6 అంటుంది. ఎందుకంటే అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్‌లో ‘తె’ అంటే ‘త’ ఒకటి, ఎత్వం ఒకటి. ‘లు’లో ‘ల’ ఒకటి, కొమ్ము ఒకటి. ‘గు’ కూడా అంతే. అదే మాటను యూటీఎఫ్-8 అనే పద్ధతిలో బైట్లుగా మార్చి ఉంచి సిని అడిగితే 18 అంటుంది. ఆ ఆరింట్లో ఒక్కోటి మెమరీలో మూడేసి బైట్లు తీసుకుంటుంది కాబట్టి. మూడు, ఆరు, పద్దెనిమిది: మూడూ సరైన జవాబులే. మనిషి చూసేది ఒకటి, పైథాన్ చూపించేది ఇంకొకటి, యంత్రంలో ఉండేది మరొకటి. సి మిమ్మల్ని ఆ చివరిదాని దగ్గరకు తీసుకెళ్తుంది.

సి నేర్చుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: మొదటి రోజే కంపైలర్ హెచ్చరికలన్నీ ఆన్ చేసుకోండి. నన్ను ఒక మధ్యాహ్నమంతా ఏడిపించిన ఆ ఆంపర్సాండ్ తప్పును ఇప్పటి కంపైలర్లు లైను నంబరుతో సహా చూపిస్తాయి. హెచ్చరిక వచ్చినా ప్రోగ్రాం నడుస్తోంది కదా అని వదిలేయకండి.

వెబ్‌సైట్లు చేయాలని ఉంది. అప్పుడు కూడా పైథానేనా?

కాదు. ఇది గట్టి కారణాల్లో మొదటిది. బటన్ నొక్కితే ఏదో కదలాలి, తెర మీద రంగు మారాలి, అది చూస్తే మీకు ఉత్సాహం వస్తుంది అనుకుంటే నేరుగా జావాస్క్రిప్ట్‌కు వెళ్లండి. ముందు రెండు వారాలు పేజీలో ఏముండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్‌ఎస్‌తో ఒక పేజీ కట్టడం నేర్చుకుని, ఆ తర్వాత దానికి ప్రాణం పోయండి. ఇన్‌స్టాల్ చేయాల్సిందంటూ ఏమీ లేదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి డెవలపర్ టూల్స్‌లో కన్సోల్‌కు వెళ్తే అక్కడే రాసి అక్కడే చూడొచ్చు.

ఈ భాష పుట్టుక తెలిస్తే దాని తిక్కలు కూడా అర్థమవుతాయి. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశారు. తర్వాత చాలా మెరుగుపడింది. కానీ అప్పటికే రాసిన వెబ్‌సైట్లు చెడిపోకూడదు కాబట్టి పాత పోకడలు అలాగే ఉండిపోయాయి. రాతగా ఉన్న ‘5’కు 2 కలిపితే 52 వస్తుంది, అదే ‘5’లోంచి 2 తీసేస్తే 3 వస్తుంది. కలపడంలో రాతగా చూసింది, తీసివేతలో సంఖ్యగా చూసింది. పైథాన్ అయితే రెండు చోట్లా ఆగి, కుదరదని చెప్పేది. ఇలాంటివి ఉంటాయని ముందే తెలిసి దిగితే కంగారుండదు. రెండు విలువలు సమానమా అని చూసేటప్పుడు రెండు ఈక్వల్ గుర్తులు కాకుండా ఎప్పుడూ మూడే వాడండి.

జావా, జావాస్క్రిప్ట్ ఒకటేనా?

కాదు. రెండూ 1995లో బయటకు వచ్చాయి. అప్పుడు జావా పేరు మార్మోగుతోంది కాబట్టి దీనికి ఆ పేరు తగిలించారు. చుట్టరికం అంతవరకే.

హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూఎల్ కూడా ప్రోగ్రామింగ్ భాషలేనా?

హెచ్‌టీఎంఎల్ పేజీలో ఏముందో చెప్పే భాష. ‘ఇలా అయితే ఇది చెయ్యి’ అని అందులో రాయలేరు. ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష. మొదటి భాషగా రెండూ సరిపోవు కానీ రెండో ఏడాదిలోపు ఎస్‌క్యూఎల్ తప్పకుండా నేర్చుకోండి. 1970ల నాటిది, ఈ రోజుకీ దాదాపు ప్రతి చోటా వాడుతున్నారు.

ఫోన్ యాప్‌లు, గేమ్స్ చేయాలనుకుంటే?

ఆండ్రాయిడ్‌కు కాట్లిన్. గూగుల్ 2017లో దాన్ని ఆండ్రాయిడ్ అధికారిక భాషల్లో చేర్చింది, 2019 నుంచి మొదటి ప్రాధాన్యం దానికే ఇస్తోంది. ఐఫోన్‌కు స్విఫ్ట్, ఆపిల్ 2014లో తెచ్చింది. గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో యూనిటీ వాడితే సి షార్ప్, అన్‌రియల్ వాడితే సి ప్లస్ ప్లస్.

భాషలుగా ఇవన్నీ మంచివే. భాషతోపాటు నెత్తిన పడే సరంజామాయే కష్టం. యాప్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ పెద్దది, మామూలు కంప్యూటర్ మీద మెల్లగా నడుస్తుంది. ఒక్క బటన్ తెర మీదకు రావాలంటే ఎన్నో ఫైళ్లు ఉంటాయి. ఏది భాష, ఏది సాఫ్ట్‌వేర్ తంతు అన్నది కొత్తవాళ్లకు విడదీయడం కష్టం. అందుకే రెండు మూడు నెలలు పైథాన్‌లో చేయి తిరిగాక అటు వెళ్లమంటాను. అయినా యాప్ చేయాలన్న ఆశ నిద్రపోనివ్వడం లేదంటే, నా మాట పక్కన పెట్టి నేరుగా దిగండి. ఆ ఆశే మిమ్మల్ని ముందుకు లాగుతుంది.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడికి ఏది నేర్పాలి?

స్క్రాచ్. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసింది. టైపు చేసే పని చాలా తక్కువ, రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలించడమే. సరిపోని దిమ్మె అతుక్కోదు. సెమికోలన్ మర్చిపోయానన్న ఏడుపు లేదు.

దీన్ని పిల్లల ఆట అని తక్కువ చేయకండి. పిల్లి బొమ్మ గోడకు తగిలినప్పుడు వెనక్కి తిరగాలని పిల్లవాడు దిమ్మె పెడతాడు. పిల్లి ఒక్కసారి తిరిగి ఊరుకుంటుంది. ఎందుకని చూస్తే, ‘ఎప్పటికీ’ అన్న దిమ్మె లోపల పెట్టాల్సింది బయట పెట్టాడు. అది వాడంతట వాడు కనిపెట్టిన క్షణంలో లూప్ అంటే ఏమిటో వాడికి తెలిసిపోయింది. ఆ క్షణం వరకు మీరు నోరు తెరవకుండా ఉండటమే అన్నిటికంటే పెద్ద సాయం. తొందరపడి మౌస్ లాక్కోవద్దు. దిమ్మెలతో తను అనుకున్నది చేయలేకపోతున్నానని వాడే చెప్పిన రోజున పైథాన్‌కు మార్చండి.

ఇంగ్లీష్ అంతగా రాదు. ప్రోగ్రామింగ్ వస్తుందా?

వస్తుంది. పైథాన్‌లో కీవర్డ్‌లు, అంటే భాష తన కోసం ఉంచుకున్న మాటలు, ఉన్నది 35 మాత్రమే. సి మొదటి స్టాండర్డ్‌లో 32. ఇన్ని మాటలు ఎవరికైనా వారంలో అలవాటవుతాయి. పైథాన్ 3లో వేరియబుల్‌కు ‘మార్కులు’ అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు, చక్కగా నడుస్తుంది. మొదట్లో అలా రాస్తే ఏది భాషకు చెందిన మాటో, ఏది మనం పెట్టుకున్న పేరో ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత పదిమందితో కలిసి పని చేసేటప్పుడు ఇంగ్లీష్ పేర్లకు మారొచ్చు.

ఇంగ్లీష్ నిజంగా అవసరమయ్యేది ఎర్రర్ మెసేజ్ చదవడానికి. అది చూడగానే చాలామందికి టెన్షన్ వచ్చి, చదవకుండానే తెర మీది ఆ విండో మూసేస్తారు. పైథాన్ ఎర్రర్‌ను కింది నుంచి పైకి చదవండి. చివరి లైనులో ఏం తప్పో ఉంటుంది, దాని పైన ఏ లైనులో జరిగిందో ఉంటుంది. 2021లో వచ్చిన 3.10 నుంచి, పేరులో అక్షరం తప్పు రాస్తే ‘మీ ఉద్దేశం ఇదా?’ అని సరైన పేరు కూడా చూపిస్తోంది. తరచుగా వచ్చే ఎర్రర్లు పదీ పదిహేను. ఒక నోట్‌బుక్‌లో ఒక్కోదాని పక్కన అర్థం మీ తెలుగులో రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ నోట్‌బుక్ తెరవాల్సిన పని ఉండదు.

లెక్కలంటే భయం. ఎలా?

కూడికలు, తీసివేతలు, శాతాలు వస్తే మొదలుపెట్టడానికి చాలు. మెషీన్ లెర్నింగ్, గ్రాఫిక్స్ లాంటి వాటి వైపు వెళ్లినప్పుడు లెక్కలు కావాలి, అప్పుడు నేర్చుకోవచ్చు.

కంప్యూటర్ లేదు. ఫోన్‌లోనే నేర్చుకోవచ్చా?

మొదలుపెట్టొచ్చు. ఫోన్‌లో పైథాన్ నడిపే యాప్‌లు ఉన్నాయి. గూగుల్ కోల్యాబ్ అయితే బ్రౌజర్‌లోనే నడుస్తుంది. చిన్న తెర మీద ఖాళీలు, బ్రాకెట్లు టైపు చేయడం మాత్రం విసుగు పుట్టిస్తుంది. బ్లూటూత్ కీబోర్డు తగిలిస్తే సగం బాధ తగ్గుతుంది. ముప్పై లైన్లు దాటిన ప్రోగ్రాంకు కంప్యూటర్ కావాల్సిందే. పాతదైనా పర్వాలేదు.

పైథాన్ 2 నేర్చుకోవాలా, 3 నేర్చుకోవాలా?

3. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆపేశారు. మీరు చూస్తున్న పాఠంలో ‘ప్రింట్’ తర్వాత బ్రాకెట్ లేకపోతే అది పాత పాఠం, పక్కన పెట్టేయండి.

ఉద్యోగానికి ఏ భాష మంచిది?

ఇది న్యాయమైన ప్రశ్న. కానీ మొదటి భాష దగ్గర ఈ ప్రశ్న వేసుకుంటే దారి తప్పుతారు. ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగేది రెండో భాషో మూడో భాషో అయి ఉండే అవకాశమే ఎక్కువ. వేరియబుల్, షరతు, లూప్, ఫంక్షన్ (పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్క), లిస్టు: ఇవి ఒక భాషలో చేతికి వస్తే రెండో భాషలో వీటిని రాసే తీరు మాత్రమే కొత్త. మొదటిదానికి నెలలు పడితే రెండోదానికి వారాలు చాలు. డేటా పనులకైతే పైథాన్, బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్‌కు జావా, వెబ్‌కు జావాస్క్రిప్ట్, దానికి టైపులు (ఏది సంఖ్యో, ఏది రాతో ముందే చెప్పే పద్ధతి) జోడించిన టైప్‌స్క్రిప్ట్. ఈ మాత్రం తెలిస్తే ఇప్పటికి చాలు.

కోడ్ అంతా ఏఐ రాసేస్తోంది కదా, ఇంకా నేర్చుకోవడం ఎందుకు?

అది రాసిన కోడ్ సరైనదో కాదో చెప్పాల్సింది మీరే కాబట్టి. పైన చెప్పిన 57ను గుర్తు తెచ్చుకోండి. ప్రోగ్రాం ఎర్రర్ లేకుండా నడిచింది, జవాబు తప్పు. అలాంటిది వెయ్యి లైన్ల మధ్యలో దాగి ఉంటే, అక్కడ ఏదో తేడాగా ఉందని అనుమానం రావడానికైనా ప్రోగ్రామింగ్ తెలిసి ఉండాలి.

ఏఐని వాడొద్దని నేను అనను. మొదటి రెండు నెలలు మాత్రం దానితో కోడ్ రాయించుకోకండి. మీరు రాసింది చూపించి, ‘ఈ ఎర్రర్‌కు అర్థమేమిటి?’ అని అడగండి. జవాబు చదివాక సరిదిద్దే పని మీ చేత్తోనే చేయండి. ఈత నేర్చుకునేటప్పుడు గట్టు మీద మనిషి ఉండటం మంచిదే, కానీ ఈదాల్సింది మనమే.

రెండు భాషలు ఒకేసారి నేర్చుకోవచ్చా?

వద్దు. సెమికోలన్ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో కలగాపులగం అయిపోతుంది.

మధ్యలో ఇంకో భాష బాగుందనిపిస్తే మారొచ్చా?

ఎప్పుడు అనిపించిందో చూసుకోండి. మారాలన్న కోరిక సాధారణంగా ఒక కష్టమైన పాఠం దగ్గర పుడుతుంది. ఫంక్షన్లు అర్థం కాని వారంలోనే ఇంకో భాష అందంగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్తే మళ్లీ మొదటి పాఠం నుంచి, మళ్లీ సులువుగా, మళ్లీ ఫంక్షన్ల దాకా. ఇలా నాలుగు భాషల్లో మొదటి నాలుగు అధ్యాయాలు మాత్రమే వచ్చినవాళ్లను చూశాను. మీరు స్వయంగా ఆలోచించి, ఎక్కడా చూసి దించకుండా, వంద రెండు వందల లైన్ల ప్రోగ్రాం ఒకటి పూర్తి చేశాక మారండి. అది ఇంటి ఖర్చుల లెక్క కావచ్చు, చిన్న ఆట కావచ్చు. మీకు పనికొచ్చేదైతే చాలు.

సరే, పైథాన్ అనుకున్నాను. మొదటి వారం ఏం చేయాలి?

మొదటి మూడు రోజులు ప్రింట్, ఇన్‌పుట్, వేరియబుల్, ‘ఇఫ్’. తర్వాతి రెండు రోజులు లూప్. ఆరో రోజు ఒక ఆట రాయండి: ప్రోగ్రాం 1 నుంచి 100 లోపు ఒక సంఖ్య అనుకోవాలి, మీరు ఊహించి చెప్పాలి, ఎక్కువైతే ఎక్కువని, తక్కువైతే తక్కువని అది చెప్పాలి. కచ్చితంగా ఎక్కడో ఆగిపోతారు, ఫర్వాలేదు. ఎదుటి మనిషితో ఈ ఆట ఆడితే మీరు ఏం చేస్తారో ముందు కాగితం మీద తెలుగులో రాసుకుని, ఒక్కో లైనును కోడ్‌గా మార్చండి.

ఏడో రోజు కొత్తదేమీ రాయకండి. నడుస్తున్న ఆ ఆటను కావాలని పాడుచేయండి. ఒక కోలన్ తీసేయండి, ఏం వస్తుందో చదవండి, తిరిగి పెట్టండి. ఒక వేరియబుల్ పేరులో అక్షరం మార్చండి. ఒక లైను ముందున్న ఖాళీలు చెరపండి. సంఖ్యను అడిగిన చోట మీ పేరు టైపు చేసి చూడండి. ప్రతిసారీ వచ్చిన ఎర్రర్‌ను నోట్‌బుక్‌లో ఎక్కించండి. తప్పు మీరే చేశారు, ఎక్కడ చేశారో మీకు తెలుసు కాబట్టి మెసేజ్ అర్థం చేసుకోవడం తేలిక. ఎనిమిదో రోజు అదే మెసేజ్ తెలియకుండా చేసిన తప్పుకు వచ్చినప్పుడు, ఏ లైనుకు వెళ్లాలో మీకు తెలుస్తుంది.